గునుగు చాటు పిల్ల

మా పూలమ్మ వదినెకు నోరు మూసుకుని కూర్చోవడం రాదు. ఒక్కసారి మాత్రం అట్లా కూర్చుంది. పోయినేటి ఆ సంగతే ఇది.

నేను ఎల్‌బీ నగర్ దాటాక విజయవాడ రోడ్డు పక్కనున్న జింకల పార్కులో వాచర్‌ను. పార్కని పేరే గాని లోపల ఉయ్యాలలు, బెంచీలు ఉండవు. చుట్టూ గోడ కట్టి, గడ్డికి వదిలేసిన బీడు అది. కృష్ణజింకలకు చెట్ల కంటే బయలే ఇష్టం. వచ్చేవాణ్ణి దూరం నుంచే చూసి ఉరకాలి అవి. అందుకని మేము మొక్కలు నాటం. మొలిచిన సర్కారు తుమ్మను పీకేస్తాం, ఎండాకాలం తొట్లలో నీళ్లు పోస్తాం, గోడ వెంబడి తిరుగుతాం. చూసేవాళ్లకు మేము ఏ పనీ చేయనట్టే ఉంటుంది.

బతుకమ్మ వచ్చిందంటే ఆ బీడంతా గునుగు పూస్తుంది. ఊళ్లో అయితే ఏ చేను గట్టు మీదైనా దొరికే పువ్వు. ఈ తట్టున ఇప్పుడు గట్లు లేవు, ప్లాట్లున్నాయి. ఆడవాళ్లు రోడ్డు మీద నిలబడి, ఆ తెల్లటి పూలను మిఠాయి దుకాణాన్ని చూసినట్టు చూస్తారు. లోపల ఆకు కూడా తెంపకూడదన్నది రూలు.

పూలమ్మ మా ఆవిడకు అక్క. నల్గొండ పల్లె విడిచి దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చి చాలా ఏళ్లయింది. అంతకు ముందటేడు సద్దుల నాడు, అంటే బతుకమ్మ ఆఖరి రోజున, వాళ్ల అపార్ట్‌మెంటులో కోస్తా నుంచి వచ్చిన విజయదుర్గ పూలు పేర్చి చేసిన బతుకమ్మ ఈమె దానికంటే జానెడు ఎత్తు లేచింది. ఆ జానెడు వదినెను ఏడాదంతా పొడుస్తూనే ఉంది. గునుగు కావాలని ఫోన్ చేసింది. కుదరదన్నాను.

"నీ జింకలేమన్న బతుకమ్మ ఆడుతయా మరిదీ?" అని పెట్టేసింది.

సద్దుల ముందు రోజు, మెట్రోలో కొడవలి పట్టుకుని రానియ్యరని బస్సెక్కి వచ్చింది. వానకు గోడ కూలిన చోట మేము తడక కట్టాం. దాని సందులోంచి లోపలికి దూరింది. నేనప్పుడు అవతలి చివర ఉన్నాను. తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి నా కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన గునుగు కట్ట. ఒళ్లో, కొంగు కప్పిన జింక పిల్ల.

దొంగతనానికి వచ్చిన మనిషి నన్నే తిట్టడం మొదలుపెట్టింది.

"గునుగులల్ల ఒక్కటే పండుకున్నది. తల్లి యాడ వోయిందో ఏమో. నువ్వు జీతం దేనికి తీస్కుంటున్నవ్ కనకరాజూ? జర పాలు తెప్పియ్యి."

తల్లి ఎటూ పోలేదు. జింక పాలిచ్చి, పిల్లను గడ్డిలో దాచి, ఎవరి కన్నూ దాని మీద పడకుండా తాను దూరంగా పోయి మేస్తుంది. ఆకలి వేళకు తిరిగొస్తుంది. మా ఆఫీసరమ్మ తన్మయికి ఫోన్ చేశాను. ఆమె కోప్పడలేదు. పాలు పట్టవద్దు, చీకటి పడకముందే తీసిన చోటనే పడుకోబెట్టి దూరం జరగండి అంది. సీసా పాలు మరిగిన పిల్ల మళ్లీ బీడులో బతకడం కష్టమని కూడా చెప్పింది.

వదినె మొహం మారిపోయింది. "తల్లీపిల్లను ఎడబాపిన్నా నేను?" అంది.

పిల్లను ఎత్తుకుని లోపలికి నడిచాం.

తీసిన చోటు ఆమెకు గుర్తు రాలేదు. ఎటు చూసినా మోకాలెత్తు గునుగే, అంతా ఒక్క తీరే. అటు అంటుంది, కాదు ఇటు అంటుంది. పొద్దు వాలుతోంది. అప్పుడు కోసిన మొదళ్లు కనిపించాయి. మంచి పువ్వు ఎక్కడుంటే అక్కడ కోసుకుంటూ పోయింది కదా, ఆ తెగిన కాడల వెంబడే వెళ్లాం. కాడలు ఆగిపోయిన చోట, గడ్డి పిల్లంత మేర అణగి ఉంది.

పడుకోబెట్టగానే అది మెడ చాపి నేలకు అంటుకుపోయింది. మేము దూరంగా, మా వాసన గాలికి అటు పోకుండా ఒక తంగేడు పొద వెనక కూర్చున్నాం.

వదినె మాట్లాడలేదు. చీమ కుట్టినా మాట్లాడలేదు. ఫోన్ తీసి ఆపేసింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

లేడి వచ్చింది. కొంచెం నడవడం, ఆగడం, మూతి ఎత్తడం. కోసిన మొదళ్ల దగ్గర చాలాసేపు వాసన చూసింది. వెనక్కి తిరిగింది. వదినె నా భుజం గట్టిగా పట్టుకుంది. అంతలో గునుగు కదిలి పిల్ల లేచి నిలబడింది. లేడి ఆగి, మెల్లగా తిరిగొచ్చింది. పూల సందుల్లో చిన్న తోక టకటకా ఆడుతుంటే, పాలు తాగుతోందని తెలిసింది.

గేటు దాకా కూడా వదినె నోరు విప్పలేదు. గునుగు కట్టను ముట్టుకోలేదు. నేనే దాన్ని గేటు బయటున్న నా గది కప్పు మీద పడేశాను.

సద్దుల నాడు ఆమె ఎల్‌బీ నగర్ చౌరస్తాలో కొన్న బంతిపూలతో పేర్చింది. పొట్టి బతుకమ్మే. "అదేంటి పూలమ్మగారూ, ఈసారి గునుగు పెట్టలేదేం?" అని విజయదుర్గ అడిగిందట.

"గునుగులల్ల పిల్లలు పండుకున్నరు" అందట వదినె.

"ఎవరి పిల్లలండీ?" అని ఆమె ఇంకా అడుగుతూనే ఉందట.

కప్పు మీది కట్ట ఎండి, గింజలు గాలికి రాలాయి. ఈ వానలకు గేటు బయట నా గది చుట్టూ గునుగు లేచింది. వదినె మళ్లీ కొడవలితో దిగింది. ఇది జింకలదా, మాదా అని అడిగింది. గోడకు ఇవతలిది మీదేనన్నాను.

కొడవలి పెట్టబోయి ఆగింది. వంగి, రెండు చేతులతో పూలను పాయ తీసి, లోపల ఎవరన్నా ఉన్నారేమో చూసింది.