మ్యాట్ కింది అతుకు

“మా ఆయన చెయ్యి విరిచింది కారు కాదు, మీ నోళ్లు! పనీ పాటా లేకుండా ఇక్కడ చేరి కోసే కోతలు!”

ఆదివారం పొద్దున్నే షెడ్డు గుమ్మంలో నిలబడి మెకానిక్ చెల్లెలు అన్న మాటలివి. లోపల ముగ్గురూ తలలు దించుకున్నారు. ఒకడు కార్లకు రంగులేసే పెయింటరు. ఇంకొకడు ఏ ఇంజనుకు ఎంత బలమో అప్పజెప్పే లెక్కల మాస్టారు. మూడోవాడు ఆమె అన్న, షెడ్డు మెకానిక్. ఆమె అందర్నీ చూసింది, అన్నని తప్ప. తననే తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

రెండు నెలల కిందట ఇదే షెడ్డులో ఒకటే నవ్వులు. దర్జీ అయిన ఆమె భర్త పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఫోటో పట్టుకొచ్చాడు. స్కూటరు ధరకే ఇస్తున్నారట.

“అంత చవగ్గా ఎందుకిస్తున్నాడు బావా?” అన్నాడు మెకానిక్.

“ముసలాయనకి మోకాళ్ల నొప్పులట. ఎక్కితే దిగలేకపోతున్నాడట.”

“చవక గుర్రం మేత ఎక్కువ తింటుంది,” అన్నాడు పెయింటరు.

“తిననివ్వవయ్యా! దీనికి రెండొందల గుర్రాలు. నీ బండికున్నవి రెండు గాడిదలు, అందులో ఒకటి కుంటిది,” అన్నాడు మాస్టారు.

ఆ ముఠాకి ఒక ఆచారం ఉంది. ఒకడు మనసుపడ్డ కారుకి వంక పెట్టినవాణ్ణి నెలంతా ‘అత్తగారూ’ అని పిలవాలి. వీధిలోనైనా, పెళ్లాం ముందైనా సరే. పోయినేడు ఆ బిరుదు మెకానిక్ మోశాడు. బేరాలకొచ్చినవాళ్లు కూడా ‘అత్తగారి షెడ్డు’ ఎక్కడని అడిగారు.

కారు చూడ్డానికి అందరూ వెళ్లారు. బావ దాని చుట్టూ కొత్త పెళ్లికొడుకులా తిరుగుతుంటే, మెకానిక్ డ్రైవరు సీటు దగ్గర మ్యాట్ ఎత్తాడు. రేకు మీద అడ్డంగా తాజా తారు పూత. గోటితో గీకాడు. కింద వెల్డింగు. ఇరవై ఏళ్లుగా ఇనుముతో కాపురం చేసినవాడికి వేరే చెప్పాలా? ముందు సగం ఒక కారుది, వెనక సగం ఇంకో కారుది. చచ్చిన రెండింటిని కలిపి ఒకటి చేశారు.

“ఏం అత్తగారూ, కోడలి కాళ్లు చూస్తున్నారా?” అన్నాడు మాస్టారు. అందరూ పగలబడి నవ్వారు. బావ కూడా.

మెకానిక్ మ్యాట్ కప్పేశాడు. “కోడలు లక్షణంగా ఉంది,” అన్నాడు.

సాయంత్రం బావని పక్కకి పిలిచి చెబుదామనుకున్నాడు. తర్వాత రేపనుకున్నాడు. బావ ముఖంలో వెలుగు చూస్తే నోరు పెగల్లేదు. అన్నీ సిగ్గుమాలిన సాకులు.

బావ కారు కొన్న మూడో వారం, మలుపులో ఒక గుంత. అతుకు విడిపోయి, కారు నడుం విరిగి గోడకి కొట్టుకుంది. తలుపు కింద బావ కుడి మణికట్టు నలిగింది. ఎముక అతుక్కుంది గానీ వేళ్లకి స్పర్శ రాలేదు. కత్తెర జారిపోతోంది. గుడ్డ మీద సుద్ద గీత వంకర పోతోంది. “వస్తుందిలే, కంగారెందుకు,” అని బావే అందరికీ ధైర్యం చెబుతున్నాడు. ఆ మాట విన్న రోజు మెకానిక్‌కి ముద్ద దిగదు.

ఇప్పుడు షెడ్డులో పెయింటరే ముందు మాట కలిపాడు. “అమ్మా, ఒక దారుంది. ఆ కారుని మళ్లీ అతికిద్దాం. నేను రంగేస్తే అద్దంలా ఉంటుంది. కొత్తగా పెళ్లయినవాడొకడు అడుగుతున్నాడు. మీకూ ఆసరా...”

“విరగడానికి అతనికి చేతుల్లేవా?” అంది ఆమె.

మెకానిక్ లేచాడు.

“నేను చూశాను. ఆ రోజే అతుకు చూశాను. వీళ్లు నవ్వుతారని నోరు మూసుకున్నాను.” పెయింటరు వైపు తిరిగాడు. “పెయింటరూ, గ్యాస్ కట్టర్ తీసుకురా. దాన్ని మళ్లీ ఎవడూ అతకలేనట్టు ముక్కలు చెయ్యండి. మాస్టారూ, ఆ కొనేవాడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి.”

అప్పుడు చూసింది చెల్లెలు అన్న వైపు. కళ్లలో నీళ్లు లేవు.

“కారు సంగతి వాళ్లు చూస్తారు. నువ్వు నడు. మీ బావ ఎదుట నిలబడి ఈ మాటే చెప్పు. ఇప్పుడే.”