పట్నంలో కొన్న తెల్లచీర

హైదరాబాదు పేరెత్తితే చాలు, నాకు థూ అనాలనిపిస్తుంది. మా బెల్లంపల్లి కంపెనీ క్వార్టర్లలో ఎవరైనా పట్నం పోయొచ్చి, అక్కడి దుకాణాలు చూడటానికి రెండు కళ్ళు చాలవని మురిసిపోతుంటే ఒళ్ళు మండుతుంది. నేనూ చూశాను. ఒక్క రోజు చూశాను. జన్మకు సరిపోయింది.

పోవలసి వచ్చింది మా బిడ్డ ఎస్తేరు పెళ్ళి కోసం. మా మెథడిస్టు గుడిలో పెళ్ళికూతురు తెల్లచీర కట్టాలి. బొగ్గుబాయి పని చేసుకునేవాళ్ళకు తెల్లచీర ఒక్కపూట ముచ్చట. ఆ దుమ్ములో దాన్ని మళ్ళీ కట్టేదెక్కడ? అందుకని పాస్టరమ్మ రేకుపెట్టెలో అందరికీ కలిపి ఒకటే చీర ఉండేది. ఎవరింట్లో పెళ్ళయితే వాళ్ళింటికి పోయేది, ఉతికించుకుని మళ్ళీ పెట్టెలోకి వచ్చేది. నా పెళ్ళీ ఆ చీరతోనే అయింది.

గుడి గడప దగ్గర తండ్రి తన చేత్తో కొంగు తీసి బిడ్డ తలమీద కప్పి లోపలికి తోలుకుపోవడం మా ఆనవాయితీ. ఇరవై ఏళ్ళుగా ఎంతమంది తండ్రులు పట్టుకున్నారో, ఆ కొంగు అంచు జిడ్డెక్కి నల్లబడింది. తలనూనె, చెమట, బాయి మసి, అన్నీ కలిసి అట్ట కట్టాయి. సబ్బుకు పోలేదు, సౌడుకు పోలేదు. ఎస్తేరు దాన్ని చేతిలోకి తీసుకుని, వాసన చూసి, ముక్కు మూసుకుంది.

"అవ్వా, నేను గిది కట్ట. పెండ్లి లేకున్నా మంచిదే."

దాన్ని తిట్టాల్సింది పోయి నేను ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ రోతే. మా ఆయన పౌలు మాత్రం నవ్వాడు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. నీకు పట్నం పోయి కొత్త చీర తెస్త. దాని కొంగు మొదలు పట్టేది నా చెయ్యే."

ఆ మాట ఇంట్లో అని ఊరుకున్నాడా? బాయి మీద చెప్పాడు, గుడిలో చెప్పాడు, మా పక్కింటి ఐలవ్వకు రెండుసార్లు చెప్పాడు. ఆ వారమంతా మనిషి నేలమీద నడిచింది లేదు.

పట్నంలో మా తమ్ముడు బక్కయ్య ఉంటాడు. ఏదో ఆఫీసులో జవాను. మేం రైలు దిగేసరికి టెరిలిన్ చొక్కా వేసుకుని, జుట్టుకు ఇంత నూనె రాసుకుని నిలబడ్డాడు. "అక్కా, ఇయ్యాల నీకు జూపిస్త సూడు, దుకాణాలంటే ఎట్లుంటయో! సూస్తేనే కడుపు నిండుతది," అన్నాడు.

కడుపు నిండటం కాదు, తిప్పింది. సుల్తాన్‌బజార్‌లో అడుగు పెట్టగానే మోరీ కంపు. ఆ మోరీ మీదే బండపరిచి మిఠాయిలు, వాటి మీద ఈగలు. పాన్ ఉమ్మి లేని గోడ లేదు. దుకాణాల ముందు నిలబడ్డవాళ్ళు చెయ్యి పట్టి లోపలికి గుంజుతారు. కొనకుండా బయటికొస్తే వెనకనుంచి తల్లిని, చెల్లిని కలిపి తిడతారు. బాయిలో దిగి బొగ్గు కొట్టే మా మగవాళ్ళ నోళ్ళు వీళ్ళకంటే వెయ్యిరెట్లు శుభ్రం. బక్కయ్యకు ఇవేవీ కనబడవు. "సూడక్కా సూడు, గా లైట్లు సూడు," అంటాడు. పట్టపగలు లైట్లేమిటో!

మొదటి దుకాణంలో తెల్లచీర అనగానే సావుకారి మొహం వేలాడేశాడు. గొంతు తగ్గించి, "ఎవరు పోయిండ్రమ్మా?" అన్నాడు.

"ఎవరు పోలే. మా బిడ్డ పెండ్లికి."

"పెండ్లికి తెల్లచీరనా! రామ రామ!" అని బోణీ చెడిపోయినట్టు వెనక్కి జరిగాడు. అయినా ఊరుకోకుండా నా నుదురు చూశాడు. బొట్టు లేదు కదా, మేము పెట్టుకోం. వాడి కళ్ళల్లో నేను అప్పటికే ముండమోసినదాన్ని.

వాడి నోట్లో మన్ను పడ! నేను నోరు తెరవబోయేంతలో పౌలు ముందుకొచ్చి, "ఇగో సావుకారీ, నేనింక బతికే ఉన్న. పట్టి సూస్తవా?" అని చెయ్యి చాపాడు. బక్కయ్య పడిపడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది అప్పుడే.

ఇంకో మూడు దుకాణాల్లో అదే గోల. చివరికి బక్కయ్య మమ్మల్ని ఆబిడ్స్ తీసుకుపోయాడు. నిలువెత్తు గాజు తలుపులు, పైన గిరగిరా తిరిగే పంకాలు, నేలంతా పాలలాంటి తెల్లటి పరుపులు. చెప్పులు మెట్ల మీద విడిచి ఎక్కాం. గోడల నిండా అద్దాలే. ఎటు చూసినా నేనే, వెలిసిపోయిన నేతచీరలో, పగిలిన పాదాలతో. నా పక్కన పౌలు. మా వెనక సెంటు కొట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు, ముక్కుల దగ్గర చేతిరుమాళ్ళు.

అక్కడ దొరికింది చీర. తెల్లటి పట్టు, సన్నటి వెండి అంచు. మల్లెమొగ్గలు కుప్ప పోసినట్టుంది. పౌలు కొంగు కోసం చెయ్యి చాపాడు.

దుకాణం మనిషి చటుక్కున చీర వెనక్కి లాగేసుకున్నాడు. "అరే పెద్దమనిషీ, చేతులకు మసుంది. కడుక్కొని రాపో."

"గిది మసి గాదు సావుకారీ," అన్నాడు పౌలు మెల్లగా. "బాయిల కప్పు కూలిన నాడు తోలు లోపలికి పోయిన బొగ్గు. కడిగితే పోదు."

ఆ రోజు ముగ్గురు చచ్చారు. పౌలు రెండు చేతుల నిండా నల్లమచ్చలతో బయటపడ్డాడు. దుకాణం మనిషికి అదేం తెలుసు? పక్కనున్న తెల్ల తువ్వాల విసిరాడు. పౌలు కోపం తెచ్చుకోలేదు. పరుపు మీద గొంతుక్కూర్చుని వేలు వేలూ తుడిచాడు, గోళ్ళ సందులు తుడిచాడు, తువ్వాల పరిచి చూపించాడు. ఒక్క మరక లేదు. వెనకనుంచి ఆ ఆడవాళ్ళు తమ చీరలు తమ దగ్గరికి జరుపుకున్నారు.

దుకాణం మనిషి తల దించుకున్నాడు. "సరే పెద్దాయనా, పట్టి సూస్కో," అని చీర పౌలు ముందుకు జరిపాడు.

జరిపాడు. అది నేను దాచను. వాడు జరిపాడు.

నేను అద్దంలో చూశాను. ఆ చేతులు ఆ తెలుపు మీదికి పోతున్నాయి. ఆ ఆడవాళ్ళు చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. నా మొగుడిని చూసి సిగ్గేసింది.

"వద్దు," అన్నాను. "నువ్వు జర అవుతల కూసో. చీర ఖరాబైతది."

పౌలు నా మొహంలోకి చూశాడు. తర్వాత లేచి, బయటికిపోయి, మెట్ల మీద చెప్పుల పక్కన కూర్చున్నాడు. నేను చీర డబ్బాలో పెట్టించుకుని బయటికొచ్చేదాకా అక్కడే ఉన్నాడు. రైల్లో పొద్దు గూకేదాకా డబ్బా నా ఒళ్ళోనే ఉంది. బెల్లంపల్లిలో దిగేటప్పుడు పట్టుకొమ్మని అందించాను.

"నువ్వే పట్టుకో," అన్నాడు. అంతే.

పెళ్ళినాడు ఎస్తేరు ఆ చీరలో నడిచొస్తుంటే క్వార్టర్ల ఆడవాళ్ళంతా నోళ్ళు తెరిచారు. గుడి గడప దగ్గర ఆగింది. కొంగు కప్పమని తండ్రి వైపు తల వంచింది. పౌలు భుజం మీది తువ్వాల తీశాడు. ఒక కొస ఈ చేతికి, ఒక కొస ఆ చేతికి, వేళ్ళు కనబడకుండా చుట్టుకున్నాడు. అట్లా చుట్టుకున్న చేతులతో కొంగు ఎత్తబోయాడు. జారింది. మళ్ళీ ఎత్తాడు. బిడ్డ తలమీద కప్పేసరికి అతని నుదుటినిండా చెమట.

"బాపూ, గదేంది?" అంది ఎస్తేరు.

"కొత్త చీర బిడ్డా. ఖరాబైతది."

ఐలవ్వ ఊరుకునే మనిషా? "గట్లని ఎవడన్నడు నీకు? ఎవడు గా బాడ్కావు?" అని అరిచింది.

బక్కయ్య నా వంక ఒకసారి చూశాడు. గబగబా, "ఆబిడ్స్‌ల దుకాణపోడు ఐలవ్వా, గా బద్మాష్ గాడే అన్నడు," అన్నాడు. ఇక చూసుకోండి, గుడి ముందే అందరూ పట్నపోళ్ళను దుమ్మెత్తిపోశారు. కష్టం విలువ తెలియనివాళ్ళన్నారు. పురుగులు పడి పోతారన్నారు. ఐలవ్వ నా భుజం పట్టుకుని, "ఏమే సత్తవ్వా, నువ్వెట్ల ఊకున్నవే? వాని మొఖం మీద ఉమ్మెయ్యకపోయినవ్?" అంది.

అందరూ నా వంకే చూస్తున్నారు. పౌలూ చూస్తున్నాడు. అతను ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు.

"థూ," అన్నాను నేను.

అప్పటినుంచీ ఎవరు హైదరాబాదు మాటెత్తినా అట్లాగే అంటున్నాను. సత్తవ్వకు పట్నపోళ్ళంటే ఎంత రోతో అని అందరూ నవ్వుతారు. ఆ మూల గోడకు ఆనుకుని కూర్చున్న పౌలు మాత్రం నవ్వడు. నేను ఉమ్మేది ఎవరి మీదో అతనికి తెలుసు.