నోరు తెరిచి ఓడిన వాదన

వాళ్లిద్దరూ బావలు కాకముందు పక్కపక్క సీట్ల వాళ్లు. ఒకతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్, ఇంకొకాయన పళ్ల డాక్టరు. ఊళ్లో బాస్కెట్‌బాల్ జట్టు ఆడే స్టేడియంలో, పై వరసలో, స్తంభం అడ్డొచ్చి మైదానం ఒక మూల కనపడని చోట వాళ్లకు పరిచయమైంది. ఆ కనపడని మూలలో ఏం జరిగిందన్న దాని మీదే మొదటి పోట్లాట. పోట్లాడటానికి మనిషి ఎప్పుడూ అందుబాటులో ఉండాలనుకున్నాడో ఏమో, ఏడాది తిరక్కుండానే డాక్టరు తన చెల్లెలి సంబంధం మాట్లాడి మెకానిక్‌ను ఇంటిమనిషిని చేసేసుకున్నాడు.

ఆ పెళ్లయి పదహారేళ్లు. చెల్లెలు ఇప్పుడు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. మీ జట్టు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకుంటూ చేసిన ట్రేడ్‌లన్నిటికంటే ముందు జరిగిన ట్రేడ్ నాదేనని ఆవిడ అప్పుడప్పుడూ అంటుంది గానీ, ఆట గురించి అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడేది కాదు. టీవీలో మ్యాచ్ వస్తుంటే పక్కగదిలో కూర్చుని వార్డు డ్యూటీ లిస్టు వేసుకునేది.

ఆ సంవత్సరం ఆటలు మొదలవడానికి నెల రోజుల ముందు, ఒక మంగళవారం పొద్దున, జట్టు యాజమాన్యం ముగ్గురు ఆటగాళ్లను వేరే జట్టుకు ఇచ్చి ఒకణ్ని తెచ్చుకుంది. వచ్చినవాడు మామూలువాడు కాదు. అభిమానులంతా మెరుపు అని పిలుచుకునేవాడు. పోయిన ముగ్గురిలో ఒకడు గోడ. గోడకు పెద్ద పేరేం లేదు, ఎగిరి బుట్టలో వేసి చప్పట్లు కొట్టించుకున్నదీ లేదు. మొదటి ఐదుగురిలో ఎవరైనా అలిసిపోతే బెంచీ మీంచి లేచొచ్చి, బుట్ట కింద కాళ్లు పాతేసుకుని నిలబడేవాడు. మిగతా ఇద్దరూ ఎప్పుడు చూసినా బెంచీ చివర భుజం భుజం రాసుకుంటూ కూర్చుంటారు కాబట్టి వాళ్లను జంట అనేవారు.

ఈ కబురు తెలిసేసరికి మెకానిక్ ఒక ఏడంతస్తుల ఆఫీసులో లిఫ్టు గుంతలో ఉన్నాడు. అక్కడినుంచే బావకు ఫోన్ చేశాడు. డాక్టరు అప్పటికే పండగ చేసుకుంటున్నాడు. ఇన్నాళ్లకు మనకూ ఒక మొనగాడు దొరికాడన్నాడు. కొరికే పన్ను ఒక్కటి గట్టిగా ఉంటే మిగతావి ఎలా ఉన్నా భోజనం సాగిపోతుందన్నాడు. మెకానిక్‌కు ఒళ్లు మండింది. లిఫ్టు ఎక్కినవాడు అద్దం చూసుకుంటాడు, బటన్లు చూస్తాడు, వెనక గోడలో కిందికీ పైకీ తిరిగే ఇనుప దిమ్మెల్ని ఎవడూ చూడడు, అవి లేకపోతే నీ అద్దాల గది అంగుళం లేవదు అన్నాడు. ఐదుగురు ఆడితే మ్యాచ్ గెలుస్తారు, పన్నెండుమంది ఉంటే సీజన్ గెలుస్తారు అన్నాడు. ఆ వాదన మంగళవారం మొదలై శుక్రవారం దాకా నడిచింది. శుక్రవారం సాయంత్రం మెకానిక్‌కు కింది దవడ పన్ను సలపడం మొదలెట్టింది.

రెండు రోజులు లవంగం నూనె రాసుకుని ఓర్చుకున్నాడు. ఓర్చుకోవడానికి కారణం నొప్పి లేకపోవడం కాదు. పన్ను చూపించుకోవాలంటే బావ దగ్గరికే పోవాలి. ఇంకో డాక్టరు దగ్గరికి పోయాడని తెలిస్తే అత్తవారింట్లో ముఖం చెల్లదు. బావ దగ్గరికి పోతే ఆ కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరవాలి. సోమవారం పొద్దునకు బుగ్గ బూరెలా ఉబ్బింది. భార్య అతని బుగ్గ చూసింది, గడియారం చూసింది, అన్నకు ఫోన్ చేసి పదకొండింటికి పంపిస్తున్నానని చెప్పేసింది.

రూట్ కెనాల్ చెయ్యాలి, మూడుసార్లు రావాలి అన్నాడు డాక్టరు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, బుగ్గకూ చిగురుకూ మధ్య దూది ఉండలు కుక్కి, నీళ్లు పీల్చే గొట్టం కొక్కెంలా పెదవికి తగిలించాడు. నొప్పేస్తే ఎడమ చెయ్యెత్తమన్నాడు. పళ్లు తొలిచే మిషను అందుకున్నాక, మిషను శబ్దానికి మించి గొంతు పెంచి అడిగాడు.

"ఇప్పుడు చెప్పు బావా. గోడను చూసి ఎదుటి జట్టు ఒక్కరోజైనా భయపడిందా?"

మెకానిక్ దగ్గర ఆ ప్రశ్నకు జవాబుంది. తేదీతో సహా ఉంది. గొంతులోంచి మాత్రం గరగర తప్ప ఏమీ రాలేదు. డాక్టరు దాన్ని ఒప్పుకోలు కింద రాసేసుకుని తర్వాతి ప్రశ్నలోకి వెళ్లాడు. నలభై నిమిషాలపాటు అలాగే సాగింది. మెరుపు వేసే బంతుల లెక్కా, అతను వచ్చాక అమ్ముడుపోయే టిక్కెట్ల లెక్కా, జంట మీద జోకులూ అన్నీ తీరిగ్గా, మధ్యలో అడ్డొచ్చేవాడు లేకుండా చెప్పుకుపోయాడు. ఆ గదిలో ఇరవై ఏళ్లుగా ఆయన ఏ వాదనలోనూ ఓడిపోకపోవడానికి కారణం ఏమిటో మెకానిక్‌కు ఆ రోజు అర్థమైంది.

ఇంటికి వచ్చీ రాగానే ఫోన్ చేశాడు. మత్తు ఇంకా దిగలేదు. గోడ ఆడిన మ్యాచ్‌ల గురించి తను చెప్తున్నదేమిటో తనకే తెలియడం లేదు. అవతలివైపు డాక్టరు చాలా శ్రద్ధగా విని, వేడివి తాగొద్దు బావా అని చెప్పి పెట్టేశాడు.

రెండోసారి వెళ్లేటప్పుడు మెకానిక్ అరగంట ముందే బయల్దేరాడు. నోట్లో దూది పెట్టేలోపే నాలుగు మాటలు అనేసి రావాలని ఆలోచన. తీరా వెళ్తే లోపల ఇంకో పేషెంటు ఉన్నాడు, ఆ పేషెంటు బయటికొచ్చేసరికి డాక్టరు చేతిలో సిరంజి సిద్ధంగా ఉంది. సరే, మాట లేకపోతే చెయ్యి ఉంది కదా అనుకున్నాడు. మెరుపు ఉంటే బెంచీతో పనేముందని డాక్టరు అనగానే అభ్యంతరంగా ఎడమ చెయ్యెత్తాడు.

"నొప్పా? ఉండు, ఇంకాస్త మత్తిస్తా."

ఇచ్చాడు. మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. కదలొద్దన్నాడు డాక్టరు. నాలుగో క్వార్టర్‌లో అలిసిపోయినవాళ్ల బదులు ఎవరు దిగుతారన్నది మెకానిక్ ప్రశ్న. దాన్ని వేళ్లతో అడగబోయి మళ్లీ చెయ్యెత్తాడు. ఇంకో ఇంజెక్షన్ పడింది. ఆ రోజు ఇంటికెళ్లాక ముక్కు ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవాల్సి వచ్చింది.

అయినా అసలు దెబ్బ ఆదివారం తగిలింది. అందరూ డాక్టరు ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. మెకానిక్ ఒక పక్కనే నములుతూ తల వంచుకుని తింటున్నాడు. డాక్టరు తన భార్య వైపు తిరిగి, ఈ ట్రేడ్ విషయంలో బావ కూడా దారికొచ్చాడు, రెండు సిట్టింగుల్లో ఒక్క మాట ఎదురు చెప్పలేదు అని ప్రకటించాడు. మెకానిక్‌కు పొలమారింది. అందరూ నీళ్లందించారు. తను దారికి రాలేదని అతను తేరుకుని చెప్పేసరికి సంభాషణ ఇంకెక్కడికో వెళ్లిపోయింది. ఇంటికెళ్లే దారిపొడుగునా అతని భార్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నవ్వుతోందని భుజాలు చూస్తే తెలుస్తోంది.

ఆ సాయంత్రం మెకానిక్ లిఫ్టు సర్వీసు కాగితాల వెనకవైపు తన వాదన మొత్తం రాశాడు. రెండు కాగితాలు నిండాయి. పాత పన్నెండుమంది ఆటగాళ్లతో పాటు మెరుపు పేరూ ఉన్న పట్టిక, పోయిన సీజన్ నలభై మ్యాచ్‌ల్లో ఎవరు ఎన్నిటికి వచ్చారో, ఎన్ని ఆడారో ఆ అంకెలు కింద జతచేశాడు. కాగితాలు భార్య ముందు పెట్టి, బుధవారం నీకు సెలవే కదా, నాతో వచ్చి ఇవి మీ అన్నకు చదివి వినిపించు, నీకు పుణ్యముంటుంది అని బతిమాలాడు. ఇకమీదట ఇస్త్రీ బట్టలు అతనే తెచ్చే షరతు మీద ఆవిడ ఒప్పుకుంది.

బుధవారం, భర్త నోట్లో దూది కుక్కడం పూర్తయ్యాక, ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని కళ్లద్దాలు పెట్టుకుంది. మొదటి పాయింటు చదివింది. డాక్టరు నవ్వాడు. రెండోది చదివింది. ఆయన ఏదో సమాధానం చెప్పాడు. మూడోది చదవబోయి ఆగిపోయింది. కాగితం తిప్పి కింద ఉన్న అంకెల పట్టిక చూసింది. బ్యాగులోంచి పెన్ను తీసింది.

"అన్నయ్యా, ఈ మెరుపు అనే ఆయన నలభైకి ఇరవై ఆరే ఆడాడేం?"

కాలి మడమ, తర్వాత మోకాలు, తర్వాత వేలు అన్నాడు డాక్టరు.

"అంటే మూడు రోజులకోసారి సిక్ లీవు. అలాంటి మనిషిని పెట్టుకున్నప్పుడు పక్కన ఇద్దరిని ఉంచుకోవాలి గానీ ఉన్న ముగ్గుర్నీ పంపించేస్తారా ఎవరైనా?"

కుర్చీలో పడుకున్న మెకానిక్‌కు ప్రాణం లేచొచ్చింది. ఉండబట్టలేక రెండు చేతులూ ఎత్తాడు. డాక్టరు సిరంజి వైపు చూడగానే మళ్లీ దించేశాడు. ఆవిడ ఇప్పుడు భర్త వైపు తిరిగింది. ఈ జంట ఇద్దరూ కలిపి మ్యాచ్‌కు ఎన్ని నిమిషాలు ఆడారో వేళ్లతో చూపించమంది. మెకానిక్ అబద్ధం చెప్పలేని మనిషి. కాస్త తటపటాయించి నాలుగు వేళ్లు చూపించాడు.

"నలభై నిమిషాల ఆటలో నాలుగు. మరి వాళ్లు డ్యూటీలో ఉన్నట్టా, లిస్టులో ఉన్నట్టా? పేర్లెక్కువ ఉంటే బలగం కాదు. నా వార్డులో పద్నాలుగు పేర్లున్నాయి, పిలిస్తే వచ్చేవాళ్లు తొమ్మిదిమంది."

మెకానిక్ ఎత్తిన వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. తన తరఫున మాట్లాడటానికి తెచ్చుకున్న మనిషి ఇలా ఇద్దర్నీ ఒకే చేత్తో వాయిస్తుందని అతను అనుకోలేదు. డాక్టరైతే చేతిలో పని వదిలేసి చెల్లెల్ని చూస్తున్నాడు. గోడ స్థానంలో ఇప్పుడు ఎవరు నిలబడతారని ఆవిడ అడిగింది. యాజమాన్యం చూసుకుంటుందిలే అన్నాడాయన. మా దగ్గర యాజమాన్యం చూసుకుంటుందంటే ఆఖరికి నేను చూసుకోవడమేనని ఆవిడ చెప్పింది. పన్ను సగం తెరిచి ఉంది, నోరు పూర్తిగా తెరిచి ఉంది, ముందు ఇది మూసి తర్వాత కొట్టుకోండని మెకానిక్ మూలిగాడు. ఎవరికీ అర్థం కాలేదు.

ఆవిడ పెన్ను పట్టికలో కిందికి దిగుతూ ఆఖరి పేరు దగ్గర ఆగింది. ఇతనెవరంది. బావలిద్దరూ ఆలోచించారు. పదిహేను సీజన్ల లెక్కలు నోటికొచ్చిన ఆ ఇద్దరికీ అతని గురించి చెప్పడానికి ఒక్క సంగతి తట్టలేదు. పొడుగాయన అంటారు, విరామంలో మిగతావాళ్లకు తువ్వాళ్లందిస్తుంటాడు అన్నాడు చివరికి డాక్టరు.

"నలభై రోజులూ వచ్చాడు. ఒక్క లీవు లేదు. నేనే అయితే ముందు ఇతని పేరు రాసి, తర్వాత మిగతావాళ్ల సంగతి చూస్తాను."

డాక్టరు పడీపడీ నవ్వాడు. మెకానిక్ కూడా నవ్వబోయి గొట్టం ఊడగొట్టుకున్నాడు. ఆ విషయంలో మాత్రం బావలిద్దరిదీ ఒకటే అభిప్రాయం.

సీజన్ మొదలైంది. తొమ్మిది మ్యాచ్‌ల దాకా మెరుపు నిజంగానే మెరిశాడు, డాక్టరు ఫోన్ మీద ఫోన్. పదో మ్యాచ్‌లో ఎగిరి దిగుతూ మడమ మెలిపెట్టుకున్నాడు. ఆరు వారాలు విశ్రాంతి. ఇప్పుడు మెకానిక్ ఫోన్ల వంతు. కోచ్ బెంచీ వైపు చూస్తే అక్కడ పొడుగు మనిషి ఒక్కడే కనపడ్డాడు. తువ్వాలు పక్కన పెట్టి వచ్చాడు పొడుగాయన.

ఆ సాయంత్రం హెడ్ నర్సు డ్యూటీ లిస్టు పక్కగదిలోనే వదిలేసి టీవీ ముందుకొచ్చి కూర్చుంది. పొడుగాయన ఆట చూడలేనంత ఘోరంగా ఉంది. బంతి చేతుల్లోంచి రెండుసార్లు జారిపోయింది. ఎవరూ అడ్డులేని నాలుగు ఫ్రీ త్రోలూ బయటే పడ్డాయి. మెకానిక్ ఓరగా భార్య వంక చూశాడు. కొత్తగా డ్యూటీ ఎక్కినవాళ్లంతా మొదట్లో ఇలాగే సూది పట్టుకుని వణుకుతారని, నాలుగు రోజులకు చేతులు కుదురుకుంటాయని ఆవిడ అంది. పొడుగాయన చేతులు కుదురుకోవడానికి ఆరు మ్యాచ్‌లు పట్టింది. ఆ ఆరూ ఆవిడ కదలకుండా చూసింది. ఏడో మ్యాచ్‌లో బుట్ట కింద పద్నాలుగు బంతులు అందుకున్నాడు. అందులో ఆఖరిదాన్ని ఇద్దరు మనుషుల నెత్తి మీంచి లాక్కున్నప్పుడు, పక్కింటివాళ్లు ఏమైందోనని తలుపు కొట్టారు. అరిచింది ఆవిడే.

జట్టు ఎలాగో ఒకలాగా చివరి ఎనిమిదిలోకి పాకి, మొదటి నాకౌట్‌లోనే మూడు పాయింట్లతో ఓడిపోయింది. ఆ రోజు తిరిగొచ్చిన మెరుపు ముప్పయ్యొక్క పాయింట్లు చేశాడు కాబట్టి ట్రేడ్ సరైనదేనని డాక్టరు తేల్చాడు. అలిసిపోయినవాళ్ల బదులు దింపడానికి ఎవరూ లేకే ఓడిపోయాం కాబట్టి అది దండగమారి ట్రేడేనని మెకానిక్ తేల్చాడు. ఇద్దరికీ దేనికదే రుజువైంది. అంతవరకు పాత కథే.

కొత్తదేమిటంటే, వారం తిరక్కముందే పత్రికలో చిన్న వార్త పడింది, పొడుగాయనను వేరే జట్టుకు ఇచ్చేసే ఆలోచన ఉందని. దానికి డాక్టరు మంచిదే అన్నాడు. అతని విలువ పెరిగినప్పుడే ఇచ్చెయ్యాలి అన్నాడు. మెకానిక్ కూడా, చెప్పొద్దూ, బదులుగా ఇద్దరు కుర్రాళ్లు వస్తే ఆలోచించొచ్చని మెల్లిగా అన్నాడు. పదహారేళ్లలో మొదటిసారి బావలిద్దరూ ఒక ట్రేడ్ మీద ఏకమయ్యారు. ఆ ఏకత్వం ఆ మధ్యాహ్నం దాకా నిలిచింది.

ఆసుపత్రి నుంచి వస్తూనే ఆవిడ యాజమాన్యానికి ఉత్తరం రాసింది. నలభైకి నలభై రోజులు పనికి వచ్చిన మనిషిని పంపించేస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారో ఆలోచించారా అని మొదలుపెట్టి, మూడు పేజీలు, ఎక్కడా గొంతు పెంచకుండా రాసింది. అన్నను కబురుపెట్టి పిలిపించింది. కాగితం బల్ల మీద పెట్టి, పెన్ను పక్కన పెట్టింది.

"అభిమానులు అని కింద రాశాను. ఇద్దరూ సంతకం పెట్టండి."

అభిప్రాయభేదం ఉన్నప్పుడు సంతకం ఎలా పెడతామని డాక్టరు గొణిగాడు. ఆవిడ వినిపించుకోలేదు. మెకానిక్ ముందు పెట్టేశాడు. బావ వైపు చూసి, పెట్టెయ్ బావా, ఇక్కడ ఎడమ చెయ్యెత్తినా లాభం లేదు అన్నాడు. డాక్టరు కూడా పెట్టాడు, కొంచెం గీత వంకరగా.

ఆ ఉత్తరం ఎవరైనా చదివారో లేదో తెలియదు. జవాబైతే రాలేదు. పొడుగాయన మాత్రం జట్టులోనే ఉండిపోయాడు. తన ఉత్తరం వల్లే ఉండిపోయాడని ఆవిడ నమ్మకం. మొన్న కొత్త సీజన్‌కు మూడు టిక్కెట్లు తనే తెప్పించింది, ఈసారి స్తంభం అడ్డులేని చోట. వాళ్లిద్దరి మధ్యా తను కూర్చుంటుందట.