మూడు చుక్కల నూనె

కారులో ఏసీ కంప్రెసర్ చచ్చిపోవడానికి మంచి రోజంటూ ఉండదు గానీ, పాపాయిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకునే వారంలోనే చచ్చిందంటే అది పనిగట్టుకుని చేసినట్టే. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ముప్పై ఆరు రోజులు అద్దాల పెట్టెలో ఉండి ఇప్పుడిప్పుడే ఒళ్ళు చేస్తోంది. "ఎండ తగలనివ్వకండి, చల్లగా ఉండే బండిలోనే తీసుకెళ్ళండి" అని నర్సు ఒకటికి రెండుసార్లు చెప్పింది. టాక్సీలో తెచ్చుకోవచ్చు కదా అంటే అల్లుడు వినడు. తన కూతురి మొదటి ప్రయాణం తన కారులోనే జరగాలట. షెడ్డు వాళ్ళేమో పది రోజుల దాకా ఖాళీ లేదన్నారు. దాంతో కొత్త కంప్రెసర్ తనే కొనుక్కొచ్చి, ఫోనులో నాలుగు వీడియోలు చూసి, ఇంటి ముందే కారును స్టాండ్ల మీదికి ఎత్తి దాని కిందికి దూరాడు. అతను చేసే ఉద్యోగం పాఠ్యపుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దడం. అంతవరకూ కారులో విప్పినదల్లా పెట్రోలు మూత ఒక్కటే.

అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని చూస్తోంది. ముప్పై ఏళ్ళు చేతి గడియారాలు బాగుచేసిన మనిషి. దుకాణం ఉన్న భవనాన్ని కూల్చేస్తే, పనిముట్ల పెట్టె ఒక్కటీ చంకలో పెట్టుకుని రెండు నెలల కిందట కూతురింటికి వచ్చింది. కూతురు రోజంతా ఆసుపత్రిలోనే ఉంటోంది. ఇంట్లో మిగిలిన అత్తా అల్లుళ్ళ మధ్య మాటలు "తిన్నారా", "తిన్నానండీ" దాటి ఒక్క అడుగు ముందుకు వేయలేదు. ఇద్దరూ మర్యాదస్తులే, అదే వచ్చిన చిక్కు.

నిన్న రాత్రి భోజనాల ముందు అల్లుడు ఎవరో ఆయాతో ఫోనులో మాట్లాడుతుంటే ఆవిడ చెవిన పడింది. "సోమవారం నుంచి వచ్చెయ్యండి. మా ఆవిడ మళ్ళీ ఉద్యోగంలో చేరుతోంది. మా అత్తయ్య ఉన్నారు గానీ పెద్దావిడ కదా, చంటిపిల్లతో కష్టం." ఆ మాట విన్నాక ఆవిడకు ముద్ద దిగలేదు. ఒక కంటికి భూతద్దం బిగించి, నూకగింజంత మరలను పట్టుకారుతో కూర్చోబెట్టిన చేతులివి. వీటికి రెండు కిలోల మనవరాలిని ఎత్తుకోవడం కష్టమా? ఎదురుపడి అడగడానికి నోరు రాలేదు. చేతులు సవ్యంగానే ఉన్నాయని అల్లుడి కళ్ళతో అల్లుడే చూడాలి. చూస్తే ఆయా రాదు, పాపాయి తన ఒళ్ళోకి వస్తుంది. ఆవిడ లెక్క అంతే.

కారు కింద నుంచి విసుగు వినిపించింది. కరెంటు తీగ తాలూకు ప్లగ్గు ఊడి రావడం లేదు. అరగంటగా దానితోనే కుస్తీ.

"అల్లుడుగారూ, కాస్త జరగండి," అంటూ అత్తగారు పెట్టె పట్టుకుని దిగింది.

"మీకెందుకత్తయ్యా ఈ మసిలో."

"మసి కడుక్కుంటే పోతుంది. జరగండి."

పైనుంచి చెయ్యి దూర్చి, వేలితో తడిమి, సన్నటి స్క్రూడ్రైవరుతో నాలుకలాంటి క్లిప్పును ఒక్కసారి మీటింది. ప్లగ్గు చేతిలోకి వచ్చేసింది. అల్లుడు కింద నుంచి తల బయటపెట్టి మెచ్చుకోలుగా చూశాడు. ఆ చూపు ఆవిడకు బాగానే ఒంటబట్టింది.

ఆ తర్వాత పని ఊపందుకుంది. బెల్టు జారింది, పైపులు వదిలాయి. "అత్తయ్యా, నేను పాతది దింపుతాను. ఈలోపు ఆ కొత్తదానికి మూతలు తీసి తుడిచి పెడతారా?" అన్నాడతను. అతను చేతిలో పెట్టడమే ఆలస్యం, ఆవిడ దాన్ని వరండాలోకి తీసుకుపోయి గుడ్డ పరిచి కూర్చుంది.

మూత తీసి వంచగానే బుడబుడమంటూ నూనె కారింది.

అత్తగారి ప్రాణం ఉసూరుమంది. ఏ తెలివితక్కువవాడో ఇంత మంచి యంత్రాన్ని నూనెలో ముంచి పంపాడు. పని నేర్పిన గురువు మొదటి రోజునే చెప్పిన మాట ఆవిడకు వేదం: గడియారాన్ని దుమ్ము కంటే ముందు నూనె చంపుతుంది, సూదిమొన మీద నిలిచినంతే పెట్టాలి. కాబట్టి ఆవిడ కంప్రెసర్‌ను అటూ ఇటూ వంచి, ఇరుసు చేత్తో తిప్పి తిప్పి, ఆఖరి బొట్టు వరకూ చెత్తనూనె డబ్బాలోకి ఓడ్చేసింది. శుభ్రంగా తుడిచింది. తన పెట్టెలోంచి సూది తీసి, ఎంతో పొందికగా, మూడంటే మూడు చుక్కలు పెట్టి మూతలు బిగించింది.

మూడు గంటలకల్లా కొత్తది ఎక్కింది. పైపుల అతుకుల్లో రబ్బరు రింగులన్నీ ఆవిడే కూర్చోబెట్టింది. ఒక్కటీ మెలిక పడలేదు. "మీరు లేకపోతే నేనింకా ఆ ప్లగ్గు దగ్గరే ఉండేవాణ్ణి అత్తయ్యా," అన్నాడు అల్లుడు. ఆవిడ పైకి "అబ్బే" అంది గానీ, లోపల అప్పుడే పాపాయికి స్నానం చేయించి జోలపాట కూడా ఎత్తుకుంది.

పొద్దున వచ్చి ఏసీలోని పాత గ్యాసు లాగేసి వెళ్ళిన గ్యాసాయన అన్న మాట ప్రకారం పంపుతో దిగాడు. పైపుల్లోని గాలీ తేమా ముప్పై నిమిషాలు లాగాలట. ఆ తర్వాత కొత్త గ్యాసు ఎక్కించి ఇంజను స్టార్ట్ చేయడమే. పంపు ఆన్ చేసి అడిగాడు.

"నూనె సంగతేంటి సార్?"

"దాన్లోనే ఉంది. కంపెనీ వాళ్ళే కొలిచి పోసి పంపారు. నూట ఇరవై మిల్లీలీటర్లని అట్ట మీద రాసుంది."

"అయితే నిశ్చింత. నూనె లేకుండా తిరిగితే కాసేపు చల్లగానే వస్తుంది. తర్వాత నడిరోడ్డు మీద పట్టేస్తుంది, ఇంక పనికిరాదు."

అత్తగారు తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది.

పంపు దడదడలాడుతోంది. ఎవరికీ తెలియదు. పారబోసిన నూనె పాతనూనెతో కలిసి నల్లగా మారిపోయింది. రేపు అది పట్టేసినా కంపెనీని తిడతారు తప్ప అత్తగారిని ఎవరంటారు? నోరు విప్పితే మాత్రం ఇన్నాళ్ళకు దొరికిన ఆ చూపు పోతుంది, సోమవారం ఆయా వస్తుంది, తను మళ్ళీ వరండా కుర్చీలోకి పోతుంది. ఆవిడకు నిజంగానే భయం వేసింది. కానీ నడిరోడ్డు అన్నాడు కదా గ్యాసాయన. ఆ రోడ్డూ, ఆ ఎండా, వెనక సీట్లో గుడ్డల్లో చుట్టిన రెండు కిలోల ప్రాణం ఆవిడ కళ్ళముందు కదిలాయి. ఇరవై రెండో నిమిషంలో లేచి నిలబడింది.

"అల్లుడుగారూ, ఆ నూనె నేను పారబోశాను."

అల్లుడికి అర్థం కాలేదు. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఈసారి పూర్తిగా.

"అస్సలు ఏమీ ఉంచలేదా అమ్మా?" అన్నాడు గ్యాసాయన.

"మూడు చుక్కలు పెట్టాను."

గ్యాసాయన మెట్టు మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అల్లుడు నవ్వలేదు. పంపు ఆపమని సైగ చేసి, పైపులు విప్పడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆవిడకు. గ్యాసాయన సంచీలో సరైన నూనె ఉండబట్టి సరిపోయింది. అతను కొలిచి పోస్తుంటే ఆవిడ దూరంగా నిలబడి చూసింది. కొత్త రింగులు తన ముందుకు చాపితే అందుకుని కూర్చోబెట్టింది. మళ్ళీ పంపు, మళ్ళీ ముప్పై నిమిషాలు.

చివరికి ఇంజను మోగింది. కాసేపటికి కారులోంచి చల్లటి గాలి బయటికి కొట్టింది. గ్యాసాయన సామాను సర్దుకుని, నవ్వాపుకుంటూ వెళ్ళిపోయాడు.

అల్లుడు చేతులు తుడుచుకుని వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ఫోను తీసి ఎవరికో కలిపాడు. "అమ్మా, సోమవారం నుంచి రమ్మన్నాను కదా, ఇంక అక్కర్లేదండి. ఏమనుకోకండి."

అత్తగారు అయోమయంగా చూసింది. "అదేమిటి? ఇవాళ నా చేతుల నిర్వాకం చూశారుగా."

"చేతుల గురించి కాదత్తయ్యా. మీరు నోరు మెదపకపోతే నాకు జన్మలో తెలిసేది కాదు." అతను మసి పట్టిన గోళ్ళు చూసుకున్నాడు. "నేను ఆఫీసులో ఉన్నప్పుడు పాప మంచం మీంచి పడిందనుకోండి. పడిందని నాకు చెప్పే మనిషి ఇంట్లో ఉండాలి."

అత్తగారు కళ్ళు తుడుచుకుంది. అంతలోనే ఏదో తట్టినట్టు నిటారుగా కూర్చుంది.

"పడటమేమిటి అల్లుడుగారూ, నేనుండగా? ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి."

అల్లుడు వెనక్కి తీసుకున్నాడు.