అంత్యక్రియల సూటు

నోట్లో గుండుసూదులు పెట్టుకుని, తన కుట్టుకొట్లో చిన్న పీట మీద కూర్చుని, మాక్సీన్ ఎదురుగా నిలబడ్డ బ్యాంకు మేనేజరు ప్యాంటు అంచు మడుస్తోంది. ఆమె అరవై దాటిన మనిషి. గాలికి ఎగిరిపోయేంత సన్నం. సుద్దముక్క పట్టీ పట్టీ కుడిచేతి వేళ్లు తెల్లబారిపోయాయి. కొలతల టేపు మెడలోంచి ఎప్పుడూ తీయదు. భర్త హాయిట్ అంత్యక్రియల రోజున చర్చిలో కూడా అది మెడలోనే ఉంది.

"రేపు ఆటకి కాస్త ముందే వచ్చెయ్, మాక్సీన్. మావాళ్లు మైదానం గేటు బయట నిప్పుల మీద పంది పక్కటెముకలు కాలుస్తున్నారు," అన్నాడు మేనేజరు. అనేసి నాలుక్కరుచుకున్నాడు. "అయ్యో, నా మతి మండ! నిన్ను రానివ్వరు కదూ!"

ఆమె నోట్లోంచి ఇంకో సూది తీసి, కాస్త గట్టిగానే అంచుకి గుచ్చింది.

ఈ ఊళ్లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టంటే దేవుడి తర్వాత దేవుడు. కొందరికి ఆయనకన్నా ముందే. జట్టుకి చందాలిచ్చే వాళ్లని బూస్టర్లంటారు. కుర్రాళ్లని కానుకలతో కొనెయ్యకుండా రూలుంది: బూస్టరన్నవాడు ఆటగాడికి ఊరికే కప్పు కాఫీ పోయకూడదు, కారెక్కించుకోకూడదు, ఊడిన గుండీ కూడా కుట్టకూడదు. ఒకసారి బూస్టరైతే చచ్చేదాకా బూస్టరే. టోపీలు పెట్టుకుని అద్దాల గదిలో ఆట చూసే ఆసాములే బూస్టర్లని మాక్సీన్ అనుకునేది. ఏటా వాళ్ల వేలంపాటకి తను కుట్టిచ్చే బొంత కూడా చందాయేనని, ఆ బొంతతో తనూ వాళ్లలో చేరిపోయిందని ఆమెకి తట్టనే లేదు. పిచ్చి మనిషి, ఎలా తడుతుంది?

కిందటి నెల డెమెట్రిక్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జట్టులో ముందు వరసలో ఉండి ఎదుటివాళ్లని తోసే కుర్రాడు. వాడు నిలబడితే కొట్లోకి వెలుతురు రాలేదు.

"మిస్ మాక్సీన్, మా నాయనమ్మ పోయింది. నాకు పట్టే కోటు ఈ ఊళ్లో ఎక్కడా లేదు," అన్నాడు. తల్లీ తండ్రీ లేని పిల్లాణ్ని పెంచింది ఆ ముసలమ్మే.

మాక్సీన్ బీరువా తెరిచి హాయిట్ నల్లసూట్లు రెండూ తీసింది. కత్తెర పెట్టే ముందు మాత్రం రాయిస్ టేటమ్‌కి ఫోన్ చేసింది. కార్ల షోరూము ఆసామి, బూస్టర్ల క్లబ్బుకి అధ్యక్షుడు, హాయిట్‌కి చిన్ననాటి స్నేహితుడు. మా ఆయనవి రెండు విప్పి ఒకటి చేస్తున్నాను, తప్పు లేదు కదా అని అడిగింది.

"చావుకి వెళ్లే పిల్లాడికి బట్ట కుట్టడానికి పర్మిషనేంటి మాక్సీన్! కుట్టెయ్. కాలేజీ రూల్సు ఆఫీసులో నేను చెప్తాలే," అన్నాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. ఈ వారం రూల్సు ఆఫీసాయన కొట్టుకొచ్చాడు. నెమ్మదస్తుడే. "మీవారి సూట్లు రెండు విప్పి కుట్టారటగా?" అన్నాడు. మాక్సీన్ చేతిలో సూది ఆగిపోయింది. ఆ సంగతి డెమెట్రిక్‌కి కూడా తెలియదు. కొట్లో పడున్న పాత గుడ్డేనని వాడి నమ్మకం. తెలిసింది ఒక్క రాయిస్‌కే. విచారణ తేలేదాకా కుర్రాడు ఆడకూడదు, ఆమె మైదానం గడప తొక్కకూడదు. ముందుగా పెద్దల్ని అడిగే చేశారని క్లబ్బు తరఫున ఎవరైనా చెబితే, తప్పు పిల్లాడి మీద ఉండదు, రేపే ఆడొచ్చు అని ఆఫీసాయన అన్నాడు.

ఒక్క మాట. రాయిస్ నోటి నుంచి ఒక్క మాట రావాలి.

మేనేజరుని పంపించేసి, కొట్టు మూసి, ఆమె షోరూముకి నడిచింది. అద్దాలు తుడిచిన కార్ల మధ్య రాయిస్ చేతులు చాచి ఎదురొచ్చాడు.

"రా రా, మాక్సీన్! కాఫీ తాగుతావా?"

"నేను నిన్నడిగే కుట్టానని ఆఫీసులో చెప్పు, రాయిస్. అంతే చాలు."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నువ్వెప్పుడడిగావు?"

"రాయిస్!"

"అబ్బ, అరవకు. చూడు, టెక్సస్ నుంచి మనం తెచ్చుకోబోయే కుర్రాడి ఇంటి ముందు నా షోరూము కొత్త ట్రక్కుందని ఎవడో కూశాడు. ఆఫీసువాళ్లకి ఎవరో ఒకరు దొరకాలి. కుట్టుపనికి పెద్ద శిక్షేముంటుంది చెప్పు? అదే నా సంగతి బయటపడితే క్లబ్బే మునిగిపోతుంది."

"పిల్లాడు మునిగాడు కదా."

"పిల్లలు వస్తుంటారు, పోతుంటారు మాక్సీన్. జట్టు ఉండాలి."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కాబోలు. ఆమెకి దుఃఖం కాదు, ఒళ్లు మంట.

"నీ ఎడం భుజం కిందికి జారి ఉంటుంది," అంది. "నీ పెళ్లికోటు నాటి నుంచీ లోపల దూది పెట్టి దాన్ని నిలబెడుతున్నాను. ఇన్నేళ్లలో ఒక్కడికైనా చెప్పానా? హాయిట్‌కి కూడా చెప్పలేదు రా!"

రాయిస్ చెయ్యి తనకి తెలియకుండానే భుజం మీదికి పోయింది. లోపల ఫోన్ మోగింది. బతుకుజీవుడా అనుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె తిరిగొచ్చేసరికి డెమెట్రిక్ కొట్టు బయట అరుగు పక్కన నిలబడి ఉన్నాడు. భుజాన సంచీ, చేతి మీద మడత పెట్టిన సూటు.

"ఇది మీకు ఇచ్చెయ్యమన్నారు."

"లోపలికి రా నాన్నా. ఏమైనా తిన్నావా?"

"రాకూడదట. మీతో మాట్లాడకూడదట కూడా."

"మాట్లాడుతున్నావుగా!"

"ఇంక నేను వాళ్ల ఆటగాణ్ని కాదులెండి. మా మావయ్య కలప కోతమిల్లులో పనుందన్నాడు. వెళ్లిపోతున్నా." సంచీ భుజం మార్చుకున్నాడు. "మీ పేరు నేను చెప్పలేదు, మిస్ మాక్సీన్. ఒట్టు."

"నాకు తెలుసురా."

"మరెవరు చెప్పారు?"

"నేను నమ్మినవాడు," అంది. ఆ మాట అనడానికి ఆమెకి సిగ్గేసింది. తప్పు తనదైనట్టు. "తేలేదాకా ఆగరా. ఆ ఆఫీసాయన దగ్గరికి మళ్లీ వెళ్తాను."

"ఎవరు నమ్ముతారు? బట్టలు మార్చుకునే గదిలో మా జట్టువాళ్లే నన్ను సూటుబాబు అంటున్నారు."

"పోనీ, బస్సు దాకా నా కార్లో దింపుతా ఉండు."

"వద్దు వద్దు! ఎవరైనా చూస్తే మళ్లీ మీ మీదే పడతారు." సూటుని రెండు చేతులతో, పసిపిల్లని అందించినట్టు, ఆమె చేతుల్లో పెట్టాడు. "చర్చిలో అందరూ అన్నారండీ, ఎంత బాగుందో అని."

వీధి చివర దాకా పెద్ద పెద్ద అంగలతో నడిచి వెళ్లాడు. ఒకసారైనా తిరిగి చూస్తాడేమోనని ఆమె నిలబడింది. చూడలేదు. బస్సు వచ్చి ఆగింది, కదిలింది.

మాక్సీన్ లోపలికొచ్చి సూటుని బల్ల మీద పరిచింది. భుజాలు సరిచేసింది, చేతులు చాపింది. అలవాటు కొద్దీ బ్రష్షు అందుకుని ప్యాంటు దాకా వచ్చి ఆగిపోయింది. నాయనమ్మ సమాధి పక్కన వాడు కూలబడిన చోట, రెండు మోకాళ్ల మీదా, ఎర్రమట్టి ఎండి అంటుకుని ఉంది.