కండువా చాటు ముఖము

హేమంతము దక్కను పీఠభూమిని తన శీతలహస్తమున నదిమిపట్టిన యా పుష్యమాస ప్రభాతమున భాగ్యనగరోపాంతమందలి రాష్ట్రపతి శీతకాల విడిది మంచుతెరల నడుమ సగము మునిగి సగము తేలుచున్న నావవలె గనుపట్టుచుండెను. మామిడికొమ్మల కొనలనుండి హిమబిందువులు రాలు చప్పుడు తప్ప వేరొండు సవ్వడి లేదు. ద్వారపాలక భటుల తుపాకుల యుక్కుపై మంచుతడి మెరయుచుండెను. ఇట్టి ప్రశాంతవేళ సర్వసేనాధిపతియు గణతంత్ర ప్రథమపౌరుడును నగు కోటమర్తి పురుషోత్తమరావు వరండాలో నిలిచి ద్వారమువైపు చూచుచు భయపడుచుండెను.

ఆ మహనీయునకు మిత్రుల కొఱత యెన్నడును లేదు. వెండితెర కథానాయకులును క్రికెట్టు వీరులును విశ్వవిఖ్యాత గాయనీమణులును విందులకు విచ్చేసి యాతనితో ఛాయాచిత్రములు దిగుచుండిరి. పత్రికలు స్నేహశీలియని కొనియాడుచుండెను. అయిన నా ప్రఖ్యాత జనసందోహమున నాతనిని ఒరేయని పిలువగలవా డొక్కడే. అతడు నాదస్వర విద్వాంసుడు షేకు దావూదు సాహెబు. గుంటూరు సీమ పల్లెలో దావూదు నాదస్వరము వాయించుచుండగా పక్కన నిలిచి శ్రుతికై ఒత్తు అను సన్నపు వాద్యము నూదిన బాలుడే నేటి రాష్ట్రపతి. ఏటేట విడిదికి వచ్చిన తొలియుదయమున పరిజనుల నెల్ల దూరముగా పంపి మిత్రులిద్దరు నదేరీతి వాయించుకొనుట వారి యాచారము.

ఈ యేడు మాత్ర మా యాచారము గళమున బిగిసిన పాశమయ్యెను. దావూదు సాహెబు కుమారుడు జానీయు మరి యిద్దరు వాద్యకాండ్రును నిద్రించుచున్న గదికి తలుపు బిగించి నిప్పు పెట్టి మువ్వురను బలిగొన్నవాడు సైదులు. సాహెబు తన యింటనే బెట్టుకొని డోలు నేర్పిన శిష్యుడు. వానికి మరణదండనము విధింపబడెను. వాని క్షమాభిక్ష యర్జీని తిరస్కరింపుడని మంత్రివర్గము సలహా పంపెను. ఆ సలహాను పునరాలోచనకై యొకమాఱు మాత్రము త్రిప్పిపంపు నధికారము రాష్ట్రపతికి గలదు. పిమ్మట మంత్రివర్గ మేమన్నను తలయొగ్గవలసినదే. మంటలు లేచిన పిదప సైదులే మరల పరుగెత్తుకొనివచ్చి తలుపు పగులగొట్టబోయి తన రెండుచేతులను కాల్చుకొనెనని యొక సాక్షి పలుకగా న్యాయస్థానము లా మాటను తూచలేదని పురుషోత్తమరావు నమ్మెను. త్రిప్పిపంపవలయునని యాతని నిశ్చయము. సంతకమొక్కటి మిగిలియుండెను.

రాష్ట్రపతి కార్యదర్శిని యగు నరుంధతి వరంగల్లున బుట్టినది. ఉన్నమాట దాచెడిది కాదు.

“సార్, ఇయ్యాల ఆయనను కలవకుంటే మంచిగుంటది. ఉరి ఖాయం చేస్తే దోస్తు కోసం చేసిన్రంటరు. వాపస్ పంపితే దోస్తుకే ద్రోహం చేసిన్రంటరు. ఎట్ల జూసినా మనకే తగుల్తది.”

“రావద్దని ఎవరు చెప్తారమ్మా? నువ్వు చెప్తావా?”

“నేనా? ఆయన నా పెండ్లిల వాయించిండు సార్. నాతోని కాదు.”

అంతలో వాహనము వచ్చి యాగెను. తెల్లని పంచె కట్టి భుజమున జరీకండువా వేసికొనిన దావూదు సాహెబు నాదస్వరపు సంచితో మెట్లెక్కి మిత్రుని ఆపాదమస్తకము పరికించెను.

“ఏరా పురుషోత్తం, చిక్కిపోయావేంట్రా? మొన్న టీవీలో ఆ సినిమా హీరో నీ భుజమ్మీద చెయ్యేసి నవ్వుతున్నాడు. నేనేస్తే మీ పోలీసోళ్లు నా చెయ్యి విరగ్గొడతారేమో!”

“వెయ్యరా, చూద్దాం,” అని నవ్వెను రాష్ట్రపతి. ఆ నవ్వు పెదవులను దాటి కన్నులదాక పోలేదు.

చాప పఱచుకొని యిరువురు గూర్చుండిరి. బిలహరి రాగము మంచును చీల్చుకొని తోటపై వ్యాపించెను. ఒత్తు నూదువాడు నాదస్వరము ముగియువఱకు నూపిరి తెగనీయరాదు. నేటి వేకువ యూపిరి ముమ్మాఱు తెగెను. సాహెబు వాద్యమును దించి యొడిలో నిడుకొనెను.

“నీ గుండెకాయ ఇక్కడ లేదురా. ఆ కాయితం దగ్గరుంది.”

పురుషోత్తమరావు తన యొత్తును చాపపై నుంచెను. సాహెబు మరల నిట్లనెను.

“మా ఇంటిది ఖాశింబీ నిన్నొకటి అడగమంది. అడగనని చెప్పి వచ్చాను. నువ్వూ నన్నేం అడగమాక.”

ఇంతటితో నాగియుండిన శుభమగునేమో. కాని పరులనోట వినుటకంటె తననోట వినుట మిత్రునకు గౌరవమని తలంచి పురుషోత్తమరావు జీవితమున నెన్నడు చేయని పొరపాటు చేసెను.

“దావూదూ, తిప్పి పంపుదామనుకుంటున్నానురా.”

సాహెబు దిగ్గున లేచెను. ఆతని ముఖమున భావ మొకటి పుట్టబోవుచుండగనే భుజముపైని కండువాను లాగి మొగమును గప్పుకొనెను.

“ఎందుకు చెప్పావురా నాకు?” ఆ స్వరము బట్టలోనుండి పగిలి వచ్చెను. “ఇప్పుడు నేను ఏడిస్తే నువ్వు ఆగిపోతావు. నవ్వితే నాకోసం పంపానంటావు. నా మొగంలో వెతుక్కుంటావురా నువ్వు. నాకు తెలుసు నీ సంగతి.”

“ఒక్కసారి ఇటు చూడు.”

“చూడను. ఆ ముగ్గురు బిడ్డల ప్రాణాలూ, వాడి ప్రాణమూ నా మొగమ్మీద పెట్టమాక. నీ సంతకం నువ్వు పెట్టుకో.”

అంధునివలె స్తంభములను తడవుకొనుచు నాతడు మెట్లు దిగెను. పట్టుకొన వచ్చిన భటుని చేతిని విదలించుకొనెను. వాహనము తలుపు మూయువఱకు నా కండువా తొలగలేదు.

మధ్యాహ్నమువఱకు రాష్ట్రపతి గదిలో నటునిటు తిరుగాడెను. ఆ వస్త్రము క్రింద నున్నది పుత్రశోకమా, శిష్యునిపై చావని మమకారమా, తనపై నసహ్యమా? ఊహించిన ప్రతి ముఖమును కలము నొక్కొక్క దిక్కునకు లాగుచుండెను. తుదకు సాక్షి వాఙ్మూలమును మరల జదివెను. కాలిన యా రెండు చేతులను మాత్రమే మనమున నిలుపుకొని పునరాలోచనార్థమని వ్రాసి సంతకము చేసెను.

సాయంసమయమునకు వార్త దేశమెల్ల గుప్పుమనెను. సుప్రసిద్ధ మిత్రులు కొందఱు ఫోనున నభినందించిరి. కొందఱు విందునకు రాజాలమని కబురంపిరి. అరుంధతి దూరదర్శనపు ధ్వని పెంచెను. తెరపై దావూదు సాహెబు తన యింటి యరుగుమీద గూర్చుండి విలేకరుల నడుమ నుండెను.

“మీ స్నేహితుడే మీ అబ్బాయి హంతకుణ్ణి కాపాడాడు. ఏమంటారు?”

“రాష్ట్రపతిగారితో నాకు స్నేహం లేదయ్యా,” అని యాతడు తాపీగా పలికెను. “నాకు తెలిసిన పురుషోత్తం వేరు. వాడికి ఏ ఉద్యోగమూ లేదు.”

“మీ మీద మాట రాకుండ అన్నరా సార్, లేకుంటె నిజంగనే తెంపుకున్నరా?” అని యరుంధతి మెల్లగా నడిగెను.

పురుషోత్తమరావు మిత్రునితో మాటాడుటకై ఫోనువైపు చేయి చాచెను. మంత్రివర్గము తుదిమాట చెప్పువఱకు దావూదుతో మాటాడిన నిర్ణయమునకే మచ్చయని యెఱిగి వెనుకకు దీసికొనెను. ఆ మాట యెన్నినాళ్లకు వచ్చునో యెవ్వరెఱుంగుదురు? ఎల్లరకు క్షమ నొసగుటకై దేశ మొకనిని నియమించినది. ఆతనికి క్షమ వేడుటకై మాత్ర మొక చోటు చూపలేదు.