నవంబరులో తాజా చేప

ఆన్సీ చూడటానికి వచ్చేవాళ్లు ముందు కాలువ మధ్యనున్న పాత జైలును ఫొటో తీస్తారు. తర్వాత ప్రేమికుల వంతెన మీద ముద్దు పెట్టుకుంటారు, హంసలకు రొట్టె వేసి వాటి కడుపు పాడుచేస్తారు. ఎవరో ఈ ఊరికి ఆల్ప్స్ వెనిస్ అని పేరు పెడితే, మావాళ్లు సిగ్గులేకుండా దాన్ని సంచుల మీద అచ్చేసి అమ్ముతున్నారు. చివరికి అందరూ గాస్పార్ హోటల్లో కూలబడి సరస్సు చేప తింటారు.

ఆ సరస్సులో వల వేసి బతికే కొద్దిమందిలో నేనొకణ్ణి. నవంబరులో ఓంబ్ల్ చేప గుడ్లు పెడుతుంది. అప్పుడు పడితే లైసెన్సు పోతుంది. ఇక్కడ చంటిపిల్లలకైనా ఆ సంగతి తెలుసు. నాతోపాటు బడికొచ్చిన ఘనుడు గాస్పార్ మాత్రం వేసవిలో రాసిన పలక తుడవడానికి బద్ధకించి గుమ్మంలో అలాగే ఉంచాడు: "ఈ ఉదయమే అన్సెల్మ్ బిబొల్లే పట్టిన ఓంబ్ల్." ఆ అన్సెల్మ్‌ను నేనే.

మధ్యాహ్నానికల్లా చేపల వేట అధికారిణి మెత్రాల్ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వచ్చింది.

"ఈ చేపలు ఇతనే తెచ్చాడా?" అని గాస్పార్‌ను అడిగింది.

హోటల్ నిండా జనం. అవి సరస్సువి కావు, తొట్టిలో పెంచిన చేపలని ఒప్పుకుంటే వాడి పరువు పోతుంది. నా మొహం చూడకుండా, "అవునండీ, అన్సెల్మే తెచ్చాడు," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఒరేయ్, నోరెలా వచ్చిందిరా? నా బతుకు పోతుందిరా!"

"మెల్లగా మాట్లాడరా, గిరాకీలున్నారు."

గుమ్మం దగ్గర మంచుగడ్డల మీద పేర్చిన వాటిలో ఒకదాన్ని తోక పట్టి ఎత్తాను. "ఈ రెక్కలు చూడండి మేడమ్. సిమెంటు గోడలకు రాసుకుని రాసుకుని మొండి అయిపోయాయి. సరస్సులో తిరిగిన చేపకు ఇలా ఉంటాయా?"

మెత్రాల్ రెక్కను వేలితో తడిమి చూసి, గాస్పార్ మీద కేసు రాసింది. తింటున్నవాళ్లు ఇదేదో మా ఊరి వేడుక అనుకుని చప్పట్లు కొట్టారు. ఒకావిడ నన్నూ ఆ తొట్టి చేపనూ కలిపి ఫొటో తీసి, "అసలైన జాలరి!" అని మురిసిపోయింది.

గాస్పార్ నా వెనకే వీధిలోకి వచ్చాడు. "పాతికేళ్లు నీ చేపలు కొన్నానురా. ఇంతమందిలో నా పరువు తీశావు. ఈ కాలువ గట్టున ఇక నీ చేప ఎవడు కొంటాడో చూస్తా."

అన్నంత పనీ చేశాడు. ఫిబ్రవరిలో వేట మొదలైతే ఒక్క హోటలూ నా బుట్ట వైపు చూడలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లే అందరూ.

లైసెన్సు దక్కింది. ఆ ఏటి తొలి ఓంబ్ల్‌ను మా ఆవిడ క్లోతిల్డ్ వెన్నలో వేయించి పెట్టింది. అంత మంచి చేప ఈ ఊళ్లో మా ఇద్దరికే మిగిలింది.